హాఫియా ఇంకా ఏరుతోంది

తొమ్మిదో నంబరు ఇంటి మాట వస్తే మా ఊళ్లో ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. బీరు తాగుతున్నవాడు గ్లాసు కింద పెడతాడు. ముసలమ్మలు మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుంటారు.

గని మూతపడ్డాక కంపెనీ ఇళ్లన్నీ పడగొట్టేశారు. పాత రైలు కట్ట పక్కన, ఓక్ చెట్ల నడుమ అదొక్కటే మిగిలింది. ఎందుకు మిగిలిందని ఎవర్ని అడిగినా ఒకటే జవాబు – హాఫియా ఒప్పుకోలేదు.

హాఫియా చనిపోయి అప్పటికే పదేళ్లు.

ఆమె కథ మా ఊళ్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. మొగుడు గనిలో పోయాడు. ముగ్గురు పిల్లలు. 1931లో, చలి మొదలయ్యే రోజుల్లో, ఇంటి వెనక దుంగ మీద మొలిచిన పొపింకీలు కోసుకొచ్చి వండింది. మోడుల మీద గుత్తులు గుత్తులుగా లేచే తేనెరంగు పుట్టగొడుగులకి మావాళ్లు పెట్టుకున్న పేరు అది. తాతల కాలంలో ఓడెక్కి పెన్సిల్వేనియా బొగ్గు గనులకి వచ్చినప్పుడు ఆ పేరునీ, ఆ రుచినీ కూడా వెంట తెచ్చుకున్నారు.

గిన్నెలో వెండి నాణెం వేసింది హాఫియా. విషముంటే వెండి నల్లబడుతుందని మావాళ్ల నమ్మకం. నాణెం తెల్లగానే ఉంది. పిల్లలకి చాలాలని తను ఒట్టి రొట్టెతో సరిపెట్టుకుంది.

ఆ రాత్రి పిల్లలకి వాంతులు. మూడో రోజుకి లేచి ఆడుకున్నారు. ఆమె చర్చికి పరిగెత్తి కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. వారం తిరక్కుండా ముగ్గుర్నీ ఒకే గుంటలో పెట్టారు.

ఆమె పోయాక మొదలైంది... వరండా పలకల సందుల్లోంచి చూస్తే, కింద నేలమాళిగలో వెలుగు. ఆకుపచ్చగా, కదలకుండా, మనిషంత ఎత్తున. ఆ దీపం పెట్టుకుని హాఫియా పుట్టగొడుగులు ఏరుతోందని చెప్పుకుంటారు. ఒక్కొక్కటే తీసి, తిప్పి చూసి, పక్కన పెడుతుందట. తన పిల్లల్ని చంపింది ఏదో... ఇంకా దొరకలేదట.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ముప్పై నాలుగేళ్లు ఈ ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. ఇక్కడ చెప్పేది బెర్నడీన్ సబోల్ నాకు చెప్పింది, ఆమె నోట విన్నది విన్నట్టు. బెర్నడీన్ అబద్ధం ఆడదు. ఆ పని ఆమె మొగుడు ఎమిల్‌ది, అదీ పట్టిన చేప పొడుగు చెప్పేటప్పుడు మాత్రమే.

అది 1986. ఆగస్టు నుంచీ చుక్క వాన లేదు. అక్టోబరు వచ్చినా అడవిలో పొపింకీ జాడ లేదు. మా ఊళ్లో పొపింకీలు లేని ఏడంటే క్రిస్మస్ ముందురాత్రి చారు లేని ఏడు. ఆ దిగులు ముఖాల మీద కనబడుతుంది.

ఆ రోజుల్లో ప్రతి శనివారం, ఫైరింజన్లు పెట్టే ఫైర్ హాల్లో ఒక బల్ల వేసుకుని కూర్చునేవాణ్ణి. జనం సంచుల్లో పుట్టగొడుగులు తెస్తే ఏది తినేదో, ఏది పారేసేదో చూసి చెప్పేవాణ్ణి. ఆ శనివారం నా బల్ల ముందు ఎవరూ లేరు, ఒక్క బెర్నడీన్ తప్ప. ఆమె తెచ్చిందీ ఏమీ లేదు. నన్ను ఏడిపించడానికి వచ్చింది.

నేను ఒక గొడుగుని కాడ కోసేసి, సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితం మీద బోర్లించి, పైన గాజు గ్లాసు పెడుతున్నాను.

"ఏంటి మాస్టారూ, దానికి చలేస్తోందా? దుప్పటి కప్పుతున్నారు?"

"నవ్వు, నవ్వు. కొన్ని గంటలు ఇలా ఉంచితే గొడుగు కింద నుంచి పొడి రాలుతుంది. పొపింకీది తెల్లపొడి. అచ్చం దానిలాగే ఉండేది ఇంకొకటి ఉంది. అదీ దుంగ మీదే మొలుస్తుంది, దాని కాడకీ ఉంగరం ఉంటుంది. దాని పొడి మాత్రం తుప్పురంగు. తుప్పురంగు పడితే నన్ను పిలు. ఫాదర్‌ని కూడా పిలు."

"మా అమ్మ ఏ కాగితం పెట్టింది? మోడు మీద పుట్టాలి, గుత్తిగా ఉండాలి, కాడకి ఉంగరం ఉండాలి. ఆపైన గిన్నెలో నాణెం. తొమ్మిది మందిమి బతికి బట్టకట్టాం."

"నాణేనికి విషం సంగతి తెలీదు బెర్నడీన్. హాఫియా కూడా వేసిందిగా నాణెం?"

"అది వెండిది అయ్యుండదు" అని తేల్చేసి, కోటు వేసుకుని వెళ్లిపోయింది.

ఒక్క మాట మాత్రం నాకు చెప్పలేదు. ఆమె కళ్లకి శుక్లాలు ముదురుతున్నాయి. చెబితే అడవికి వెళ్లొద్దంటారని ఎమిల్‌క్కూడా చెప్పలేదు.

తర్వాతి శుక్రవారం పొద్దున ఆమె తొమ్మిదో నంబరుకి వెళ్లింది.

పట్టపగలే. పగలు దెయ్యాలుండవని ఆమె లెక్క. ఆ ఇంటి వెనక ఊట ఉంది, నేల ఎప్పుడూ తడి. ఎక్కడా లేనివి అక్కడ ఉంటాయనుకుంది. ఉన్నాయి. కూలిన పెద్ద దుంగ నిండా ఉన్నాయి. ఒకవైపు అరచేయంత గొడుగులు, రెండోవైపు చిన్నవి. వానల్లేక ఎదగలేదు పాపం, అనుకుంది. రెండూ కోసింది. బుట్ట నిండిపోతే కొన్ని గుత్తులు సగం కోసి, సగం వదిలేసింది.

ఇంటికొచ్చి ఉడకబెట్టి వార్చి, ఉల్లిపాయలు వెన్నలో వేయించి కలిపింది. వాళ్లమ్మ ఇచ్చిన పాత పది సెంట్ల వెండి నాణెం గిన్నెలో వేసింది. గంటన్నర సన్నని సెగ. గరిటెతో తీసి చూస్తే నాణెం మెరుస్తోంది. మళ్లీ లోపలికే వదిలేసి మూత పెట్టింది. తినేదాకా నాణెం గిన్నెలోనే ఉండాలి, అది పద్ధతి.

రెండున్నరకి ఎమిల్ అట్టపెట్టెల ఫ్యాక్టరీకి బయల్దేరుతూ మూత ఎత్తి వాసన చూశాడు.

"ఎక్కడ దొరికాయే ఇవి?"

"దొరికిన చోట దొరికాయి. రాత్రి వచ్చాక వేడిచేసుకుని తిను. నేను మిగతావి కూడా తెచ్చేస్తా."

"నాకిప్పుడే కొంచెం పెట్టొచ్చుగా."

"షిఫ్టుకి లేటవుతుంది. పో."

ఆ మాటకి బెర్నడీన్ ఇప్పటికీ శిలువ గుర్తు వేసుకుంటుంది. అతను వెళ్లాక, ఉప్పు చూడ్డానిక్కూడా ఆగకుండా బుట్టలో తెల్ల తువ్వాలు పరుచుకుని మళ్లీ బయల్దేరింది. మైలున్నర దూరం, రైలు కట్ట వెంట నడక. చీకటి పడేలోపు వచ్చేయాలనుకుంది.

దుంగ మీద మిగిలిన సగం గుత్తులు కోసింది. తిరిగిపోబోతుంటే ఇంటి ముందు వరండా స్తంభం మొదట్లో పెద్ద గుత్తి కనబడింది. బంగారు రంగు. బుట్ట చేతికి తగిలించుకుని రెండు మెట్లెక్కింది.

మూడో అడుగుకి వరండా లేదు.

పలకలు విరిగిన చప్పుడు తర్వాత తెలిసింది. ముందు చల్లటి గాలి, ఆ తర్వాత మట్టి. లేచి చూస్తే తల మీద, రెండు నిలువుల ఎత్తున, ఆకాశం ముక్క. చుట్టూ రాతి గోడలు... ఆమె నేలమాళిగలో ఉంది.

హాఫియా నేలమాళిగలో.

చీలమండ బెణికింది. లోపలి మెట్లు ఎప్పుడో కూలి, తుక్కుగా పడున్నాయి. గోడలు పట్టుకుంటే జారుతున్నాయి. ఒక మూల పీపా దొరికింది. దాన్ని దొర్లించి ఎక్కితే అది పిండిలా కూలిపోయింది. అరిచింది. గొంతు పోయేదాకా అరిచింది. అడవి తిరిగి పలకలేదు.

ఆకాశం ముక్క ఎర్రబడి, బూడిదరంగై, పోయింది.

ఎమిల్ టార్చి జేబులో ఉంది. బ్యాటరీలు అంతంతమాత్రం. అవసరానికి ఉంటుందని వెలిగించలేదు. గోడకి చేరబడి, ఒళ్లో బుట్ట పెట్టుకుని, తెలిసిన జపాలన్నీ చదివింది. బుట్ట పక్కకి ఒరిగి కొన్ని పుట్టగొడుగులు కోటు మీద పడ్డాయి. తీసే ఓపిక లేక వదిలేసింది.

ఏడు దాటాక కుక్క మొరిగింది. తర్వాత మనుషుల గొంతులు. రకూన్ వేటకి వచ్చినవాళ్లు, కట్ట మీద నడుస్తున్నారు. ఒక గొంతు ఆమె గుర్తుపట్టింది. పక్క వీధి నిక్ డోవ్సీ, ఆమె చేతుల మీద పెరిగిన పిల్లాడు.

ప్రాణం లేచొచ్చింది. మిగిలిన గొంతంతా కూడదీసుకుంది. కానీ అరిచి అరిచి ఆ గొంతు బొంగురుపోయి ఉంది.

"నిక్... ఒరే నిక్... ఇటు రారా... కిందున్నాను..."

పైన అడుగులు ఆగిపోయాయి. కుక్క కూడా ఆపేసింది.

"విన్నావా?" ఎవరో గుసగుసగా.

"నా పేరు పిలిచింది..."

"వెనక్కి చూడకు. నడు."

ఆ తర్వాత నడక కాదు, పరుగు. కొమ్మలు విరుగుతున్న చప్పుడు దూరమైపోయింది. ఆ ఇంటికున్న చెడ్డపేరు ఎంత బలమైందో బెర్నడీన్‌కి అప్పుడు అర్థమైంది. అరిస్తే ఎవరూ రారు. ఎంత గట్టిగా అరిస్తే అంత దూరం పారిపోతారు. ఈ గోడల కంటే ఆ కథే ఎత్తుగా ఉంది.

వారం తర్వాత బార్లో నిక్ ప్రమాణం చేసి మరీ చెబుతుంటే నేనూ విన్నాను. హాఫియా తనని "ఒరే" అని పిలిచిందట. సరే, అది వేరే సంగతి.

తొమ్మిదింటి సైరన్ మోగింది. పిల్లలు ఇళ్లకి పోవాలని ఫైర్ హాలు మీద రోజూ మోగేదే. అంత దూరం నుంచి సన్నగా వినబడింది. ఇంకో రెండు గంటల్లో ఎమిల్ షిఫ్టు అయిపోతుంది. ఇంటికొస్తాడు, నేను లేనని చూస్తాడు, వెతుకుతాడు... ఎక్కడని వెతుకుతాడు? ఎక్కడికెళ్తున్నానో చెబితేనా?

చేతులు కొంకర్లు పోతున్నాయి. జేబులో వేళ్లు దూర్చితే టార్చి తగిలింది. కాసేపు వెలుగు చూద్దామని నొక్కింది.

పసుపు పచ్చని నీరసపు వెలుగు. ఒడిలో నీలం కోటు మీద ఒక పెద్ద గొడుగు బోర్లా పడి ఉంది. తీసింది. కింద కోటు మీద తెల్లటి గుండ్రటి మరక. వేలితో తుడిస్తే పొడి అంటింది. నా బల్ల, నా గాజు గ్లాసు గుర్తొచ్చి ఆ గోతిలోనూ నవ్వొచ్చిందట. "మాస్టారు చెప్పింది నిజమే" అనుకుంది.

తర్వాత బుట్టలో తువ్వాలు మీద వెలుగు పడింది.

చిన్నవి ఒకటి రెండు పక్కకి దొర్లి ఉన్నాయి. అవి ఉన్న చోట తెల్లటి బట్ట మీద మరకలు... దువ్వెన పళ్లలా సన్నటి గీతలతో గుండ్రటి మరకలు.

తుప్పురంగు.

ఇంకోటి తీసింది. తుప్పురంగు. ఇంకోటి. టార్చి కళ్లకి దగ్గరగా పెట్టుకుని, తువ్వాలు ముక్కుకి ఆనించి చూసింది. శుక్లాలు ఎంత ముసిరినా ఆ రంగు దాగలేదు.

పొద్దున సగం కోసిన గుత్తుల్లో మిగిలిన సగం ఇవి. ఆ మొదటి సగం ఇంట్లో పొయ్యి మీద ఉంది. ఉల్లిపాయలతో, వెన్నతో... మూత కింద... మెరుస్తున్న నాణెంతో సహా.

"ఎమిల్" అంది. అరవలేదు. మామూలుగా, పక్కన ఉన్న మనిషిని పిలిచినట్టు.

ఆ తర్వాత తను ఏం చేసిందో ఆమెకే సరిగా గుర్తులేదు. గోడలు గీకింది. గోళ్లు విరిగాయి. రాళ్లు పేర్చి ఎక్కబోయి రెండుసార్లు పడింది. రెండోసారి టార్చి చేతిలోంచి ఎగిరి ఎక్కడో రాయికి తగిలింది. వెలుగు పోయింది. తడుముకుంటే గాజు పెంకులు దొరికాయి.

ఎమిల్ శుక్రవారం శుక్రవారం ఫ్యాక్టరీ నుంచి క్లబ్బుకి వెళ్లి ఒక బీరు తాగి ఇంటికొస్తాడు. ఆ బీరు కోసం ఇరవై ఏళ్లుగా అతన్ని తిట్టిన బెర్నడీన్, ఆ చీకట్లో మోకాళ్ల మీద కూర్చుని దేవుడికి మొక్కుకుంది – ఈ రాత్రికి రెండు తాగించు తండ్రీ... మూడు తాగించు.

మొక్కుకుని తలెత్తింది.

ఎదురుగా వెలుగు ఉంది.

ముందు కళ్లు మూసి తెరిచింది. పోలేదు. మూలన, మనిషంత ఎత్తున, ఆకుపచ్చగా... వేడి లేని వెలుగు. పైన కొంచెం ఒంగినట్టుంది, తల వంచుకున్నట్టు. రెండు పక్కలా చేతుల్లాంటివి కిందికి వాలి ఉన్నాయి. చేతుల కింద నేల మీద చుక్కలు చుక్కలుగా ఇంకొంచెం వెలుగు.

ఏరుతోంది.

బెర్నడీన్ గోడకి అతుక్కుపోయింది. ఊపిరి పీల్చుకుంటే వినబడుతుందేమోనని ఆపేసింది. ఎంతసేపో తెలీదు. అది కదలలేదు, పోలేదు.

చివరికి ఆమే మాట్లాడింది. భయం పోయి కాదు. ఇంకాసేపట్లో ఎమిల్ ఇంటికి వచ్చేస్తాడు కాబట్టి.

"హాఫియా" అంది, మెల్లిగా. "నేనూ అదే పని చేశానమ్మా. నీలాగే నాణెం వేశాను. నీలాగే నమ్మాను. నీది వెండిది కాదేమోనని మొన్న నవ్వాను కూడా. తప్పయిపోయింది. నన్ను ఇక్కడ ఉంచుకోవాలంటే ఉంచుకో. ఆయన్ని తిననివ్వకు."

ఆకుపచ్చ వెలుగు అలాగే ఉంది.

ఏడుస్తూ ఏడుస్తూ ఆమెకి తండ్రి గుర్తొచ్చాడు. గని పని చేసి నలభై ఏళ్లు నిండకుండానే ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. చిన్నప్పుడు మంచం మీద కూర్చోబెట్టుకుని గని కబుర్లు చెప్పేవాడు. కింద పైకప్పుకి ఊతంగా దుంగలు నిలబెడతారమ్మా, దీపం ఆర్పేస్తే కొన్ని దుంగలు చీకట్లో వెలుగుతాయి, పచ్చగా, భలే ఉంటాయి. కానీ ఎప్పుడూ వెలిగే దుంగ కింద నిలబడకు. అది లోపల పుచ్చిపోయింది. ఒక్క తన్నుకి పడిపోతుంది.

ఒక్క తన్నుకి.

బెర్నడీన్ లేచింది. కుంటుకుంటూ, గోడ పట్టుకుని, ఆ వెలుగు దగ్గరికి వెళ్లింది. అది దగ్గరయ్యేకొద్దీ తల తలలా లేదు, చేతులు చేతుల్లా లేవు. కానీ చెయ్యి చాచి దాన్ని ముట్టుకోవడానికి, ఆమె మాటల్లోనే, "పెళ్లినాడు ఎమిల్ పక్కన నిలబడినదానికంటే ఎక్కువ ధైర్యం కావాల్సొచ్చింది మాస్టారూ."

చల్లగా, తడిగా, మెత్తగా తగిలింది. వేళ్ల మధ్య పొడి పొడిగా రాలింది. వేళ్లు కూడా వెలిగాయి.

కర్ర. పుచ్చిన కర్ర. పొపింకీల వేళ్లలాంటి సన్నటి దారాలు పాకిన కర్ర చీకట్లో అలాగే వెలుగుతుంది. నా విద్యార్థులకి ఏటా ఒక ముక్క తెచ్చి చూపించేవాణ్ణి. అది పాత బొగ్గు గదికి అడ్డంగా కొట్టిన పలకల గోడ. నిలువు దుంగ, దానికి రెండు పక్కలా వాలుగా దన్ను కర్రలు. యాభై ఏళ్లుగా ఊరంతా చూసి పారిపోయిన హాఫియా అదీ.

గోడ వెనక బొగ్గు గది అంటే, బొగ్గు పోయడానికి బయటి నుంచి ఒక వాలు ఉండాలి. మా కంపెనీ ఇళ్లన్నింటికీ ఒకటే కొలత. ఆమె పుట్టింది అలాంటి ఇంట్లోనే.

మంచి కాలితో తన్నింది. పలక లోపలికి వంగింది. మళ్లీ తన్నింది.

అప్పుడు కూత వినబడింది. సన్నగా, దూరంగా... ఫ్యాక్టరీ కూత. పదకొండు.

ఇక తన్నడం ఆపలేదు. భుజంతో, చేతులతో, తలతో పొడిచింది. పచ్చటి వెలుగు ముక్కలు ముక్కలై ఆమె మీద రాలింది. కన్నం పడింది. అందులో దూరి, మసి మింగుతూ, ఇనుప వాలు మీద మోచేతులతో పాకింది. పైన రేకు మూత. వీపు ఆనించి లేపింది. తుప్పు పట్టిన బందులు కిర్రుమని ఊడాయి.

నక్షత్రాలు.

మైలున్నర. బెణికిన కాలు. రైలు కట్ట మీద ఆమె నడిచిందో, పాకిందో దేవుడికే తెలియాలి. కోటు మీద, చేతుల మీద, జుట్టులో ఆ పచ్చటి ముక్కలు వెలుగుతూనే ఉన్నాయట. దారిలో ఎవరైనా చూసుంటే ఇంకో యాభై ఏళ్లకి సరిపడా కథ దొరికేది.

ఇంటి వెనక గుమ్మం చేరేసరికి పన్నెండు దాటి పది నిమిషాలు. వంటింట్లో దీపం వెలుగుతోంది. ఎమిల్ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. అతని ముందు గిన్నె. గిన్నెలో చెంచా.

గిన్నె ఖాళీ.

ఆమె గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. అతను తలెత్తి చూశాడు. మసి ముఖం, చిరిగిన కోటు, నెత్తురు గోళ్లు.

"బెర్నీ... ఏమయిందే? మీ చెల్లెలి ఇంటికి ఫోన్ చేశా. పోలీసులకి చేద్దామని ఇప్పుడే..."

"తిన్నావా?"

"కూర్చో ముందు."

"తిన్నావా ఎమిల్?"

"తిన్నాను."

ఆమె ఫోన్ అందుకోబోయి, బెణికిన కాలు మీద తూలింది. అతను పరుగున వచ్చి పట్టుకున్నాడు.

"రొట్టె, పాలు తిన్నానే. ఏమనుకున్నావు? నువ్వు వండి పెట్టింది ఎవడు తింటాడు, ప్రాణం మీద తీపి ఉన్నవాడు?"

ఆమెకి అర్థం కాలేదు. అతను ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, పొయ్యి దగ్గర్నుంచి చిన్న సాసరు తెచ్చి ముందు పెట్టాడు.

"మూత తీసి గరిటె ముంచా. మొదటి గరిటెలోనే వచ్చింది. చూడు నీ నాణెం."

సాసర్లో నాణెం ఉంది. బొగ్గులా నల్లగా ఉంది.

మర్నాడు పొద్దున ఇద్దరూ నా ఇంటికి వచ్చారు. ఎమిల్ గిన్నె పట్టుకొచ్చాడు, మూతకి తాడు కట్టి. బెర్నడీన్ ఆ రాత్రి కోటు లోపల దోపుకొచ్చిన తువ్వాలు, ఆ నాణెం తెచ్చింది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. తువ్వాలు మీద పొడి, గిన్నెలో ముక్కలు – రెండూ ఒకటే. గలెరీనా, పొపింకీలా కనబడే ఆ తుప్పుపొడి విషపు గొడుగు. ఒక గిన్నెడు తింటే ఎమిల్‌కి మూడో రోజు కులాసాగా ఉండేది, చేపలు పట్టడానిక్కూడా వెళ్లుండేవాడు. వారానికి మేం అతని శవపేటిక మోసేవాళ్లం.

"ఇప్పుడేమంటారు మాస్టారూ, నాణేనికి విషం తెలీదంటారా?" అన్నాడు ఎమిల్.

"తెలీదు" అన్నాను. "ఉల్లిపాయ వల్ల నల్లబడి ఉంటుంది."

బెర్నడీన్ నా మొహంలోకి చూసింది. "నేను ముప్పై ఏళ్లుగా ఉల్లిపాయల్లోనే వేస్తున్నా. రెండింటికి తీసి చూసినప్పుడు కూడా మెరుస్తోంది." నాణెం నా బల్ల మీద పెట్టి, "ఇది మీ దగ్గరే ఉంచండి. మీ గ్లాసు పక్కన" అంది.

ఆమె కళ్లకి ఆపరేషన్ అయింది. ఆ డిసెంబరులో క్రిస్మస్ ముందురాత్రి భోజనానికి నన్ను పిలిచారు. ఆ రాత్రి బల్ల మీద పోయినవాళ్ల కోసం ఒక కంచం ఎక్కువ పెట్టడం మా అలవాటు. మామూలుగా అది ఖాళీగా ఉంటుంది. బెర్నడీన్ ఆ కంచం పక్కన చిన్న చిన్న గిన్నెలు మూడు పెట్టి, వాటిలో, నేను పొడి చూసి ఇచ్చిన పొపింకీల చారు పోసింది.

నేను మాస్టర్ని. నమ్మను, పరీక్షిస్తాను. ఆ నాణేన్ని సోడా పొడితో రుద్దితే కొత్తదానిలా తెల్లబడింది. తొమ్మిదో నంబరు దుంగ మీద అవే గలెరీనాలు కోసుకొచ్చి, బెర్నడీన్ గిన్నె అరువు తెచ్చుకుని, అదే నాణెం వేసి ఉడకబెట్టాను. ఉల్లిపాయలతో, ఉల్లిపాయలు లేకుండా, గంటన్నర, పది గంటలు, రాత్రంతా. ఇప్పటికి ఇరవై మూడు సార్లు.

ఒక్కసారి కూడా నల్లబడలేదు.

ఫైర్ హాల్లో బల్ల వేసుకుని ఇప్పటికీ అదే చెబుతాను. నాణెం అబద్ధం, పొడి చూడండి, తెల్లపొడి పడితేనే తినండి అని. జనం తలూపుతారు. ఇంటికొచ్చి, నేను కోసుకున్నవి, రాత్రంతా గ్లాసు కింద పెట్టి తెల్లపొడి చూసుకున్నవి, పొయ్యి మీద పెడతాను. తలుపు గడియ వేసి, కిటికీ తెర దించి, సొరుగులోంచి ఆ నాణెం తీసి గిన్నెలో వేస్తాను.

తినే ముందు గరిటె ముంచి చూస్తాను.